ఒడ్డు చేరాం, గెలిచామో లేదో తెలీదు: కర్మఫలం గురించి ఒక పడవ కథ



మన గీత సిరీస్‌లో కర్మయోగం మీద వీడియో పెట్టినప్పటి నుంచి ఒకే ప్రశ్న రకరకాల రూపాల్లో వస్తోంది. "ఫలితం మీద ఆశ పెట్టుకోవద్దని కృష్ణుడు చెప్పాడు కదా, మరి ఆఫీసులో టార్గెట్ పెట్టుకోవడం తప్పా?" అని ఒకరు అడిగారు. "ఫలితం నా చేతిలో లేనప్పుడు అంత కష్టపడి పూర్తి చేయడం దేనికి?" అని ఇంకొకరు. ఒకమ్మాయి అయితే సూటిగా అడిగేసింది: "అన్నా, నాలుగుసార్లు గ్రూప్స్ రాశాను. రాలేదు. ఇంక రాయను. మరి ఈ ఏళ్ళన్నీ ఏమైనట్టు?"

ఈ చివరి ప్రశ్నకి రెండు నిమిషాల రీల్‌లో జవాబు చెప్పడం మర్యాద కాదనిపించింది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. శ్లోకం మీలో చాలామందికి నోటికి వచ్చు. దాని అర్థమూ తెలుసు. అది బతుకులోకి దిగేటప్పుడే చిక్కు వస్తుంది. అందుకని ఈసారి శ్లోకం పక్కన ఒక పడవని పెట్టి చూద్దాం. ఆ పడవ పేరు మెయిడెన్. అది రెండుసార్లు ప్రపంచం చుట్టూ రేస్ చేసి, రెండుసార్లూ ఒడ్డు చేరింది. ఆ రెండు ఒడ్డుల మధ్య మనకి కావలసిన జవాబు ఉందని నా నమ్మకం.

వంట చేయడానికి ఎక్కిన అమ్మాయి

విట్‌బ్రెడ్ రేస్ అని ఒకటి ఉండేది. తెరచాప పడవల మీద భూమిని చుట్టి రావాలి. ఇంజన్‌తో ముందుకి పోకూడదు, గాలి ఒక్కటే ఆధారం. 1985-86లో జరిగిన రేస్‌లో ఇంగ్లండ్‌కి చెందిన ట్రేసీ ఎడ్వర్డ్స్ ఒక పడవ ఎక్కింది. అందులో ఆమె పని వంట. ఆ రోజుల్లో అలాంటి పడవల్లో ఆడవాళ్ళకి చోటు దొరకడమే గొప్ప. తిరిగి వచ్చాక ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. తర్వాతి రేస్‌కి అందరూ ఆడవాళ్ళే ఉన్న పడవ ఒకటి తీసుకెళ్ళాలి.

డబ్బు లేదు. స్పాన్సర్లు ముందుకి రాలేదు. ఆడవాళ్ళతో ఇది అయ్యే పని కాదని ఎక్కడికి వెళ్ళినా అదే మాట. ఆమె తన ఇల్లు తాకట్టు పెట్టి 58 అడుగుల పాత అల్యూమినియం పడవ ఒకటి కొంది. క్రూ అంతా కలిసి దాన్ని గీకి, అతికి, రంగు వేసి నిలబెట్టుకున్నారు. చివరికి జోర్డాన్ రాజు హుస్సేన్ అండగా నిలిచారు, రాయల్ జోర్డానియన్ విమాన సంస్థ స్పాన్సర్ అయింది. 1989 సెప్టెంబర్ 2న ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ రేవు నుంచి మెయిడెన్ బయలుదేరింది. పడవలో పన్నెండుమంది ఆడవాళ్ళు. ముందున్న దూరం సుమారు 33 వేల నాటికల్ మైళ్ళు. వీళ్ళు మొదటి మజిలీ కూడా దాటరని పత్రికల్లో ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు.

రేస్ ఆరు మజిలీలుగా సాగింది. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ వరకు ఉన్న రెండో మజిలీ అన్నిటికంటే పొడవైనది, ప్రమాదకరమైనది. అంటార్కిటికాకి దగ్గరగా, మంచుకొండల మధ్య నుంచి వెళ్ళాలి. ఆ మజిలీలో వేరే పడవకి చెందిన ఒక నావికుడు అలల్లో పడి ప్రాణాలు కోల్పోయాడు. అలాంటి మజిలీలో మెయిడెన్ తన విభాగంలో మొదటి స్థానంలో వచ్చింది. ఫ్రీమాంటిల్ నుంచి న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ వరకు ఉన్న మూడో మజిలీ కూడా గెలిచింది. ఎగతాళి ఆగిపోయింది. ఇప్పుడు అందరూ ఇంకో మాట అంటున్నారు: ఏమో, గెలుస్తారేమో!

అక్కడి నుంచి కథ తిరగబడింది. కేప్ హార్న్ చుట్టి వచ్చే నాలుగో మజిలీలో పడవలోకి నీళ్ళు చేరడం మొదలైంది. సంపాదించుకున్న ఆధిక్యం పోయింది. ఆ తర్వాత అట్లాంటిక్‌లో గాలి సరిగ్గా అందలేదు. చివరి మజిలీకి వచ్చేసరికి మొదటి స్థానం చేజారిపోయింది. పన్నెండుమందిలో ఎవరి పనిలోనూ లోటు లేదు. అదే చెయ్యి, అదే చుక్కాని. రెండు మజిలీలు గెలిపించిన కష్టమే తర్వాతి మజిలీలనీ మోసింది. ఫలితం మాత్రం మారిపోయింది.

1990 మే 28న వాళ్ళు సౌతాంప్టన్ చేరారు. విభాగంలో రెండో స్థానం. గెలవలేదన్న నిరాశతోనే ఇంటిదారి పట్టారు. తీరం దగ్గరపడుతుంటే చిన్న చిన్న పడవలు ఎదురురావడం మొదలుపెట్టాయి. మొదట ఒకటీ అరా, తర్వాత పదులు, తర్వాత వందలు. రేవు దగ్గర వేలాదిమంది జనం. అసలు ఆ రేస్ మొత్తం గెలిచింది న్యూజీలాండ్ నావికుడు పీటర్ బ్లేక్ నడిపిన పడవ, ఆరు మజిలీలూ దానివే. అయినా జనం ఈ రెండో స్థానం పడవ కోసం వచ్చారు.

అదే పడవ, ఇంకో ఒడ్డు

ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు ముందుకి రండి.

ఆ రేస్ తర్వాత మెయిడెన్ చేతులు మారింది. 2014లో సీషెల్స్‌లో పట్టించుకునే దిక్కు లేక పాడుబడి కనిపించింది. ట్రేసీ మళ్ళీ పూనుకున్నారు. హుస్సేన్ రాజు కూతురు సాయం చేశారు. పడవ బాగుపడి, ఆడపిల్లల చదువు కోసం నిధులు సేకరిస్తూ 2018 నుంచి మళ్ళీ సముద్రం మీద తిరగడం మొదలుపెట్టింది. 2023 సెప్టెంబర్ 10న ఓషన్ గ్లోబ్ రేస్‌లో దిగింది. మొదటి విట్‌బ్రెడ్ రేస్ జరిగి యాభై ఏళ్ళయిన సందర్భంగా, పాతకాలం పద్ధతిలోనే జరిపిన పోటీ అది. జీపీఎస్ లేదు. కాగితం మ్యాపులు, సూర్యుడినీ నక్షత్రాలనీ చూసి తామెక్కడున్నారో లెక్కగట్టే సెక్స్‌టంట్, అంతే. కెప్టెన్ హెదర్ థామస్. మళ్ళీ అందరూ ఆడవాళ్ళే.

2024 ఏప్రిల్ 16న మెయిడెన్ ఫినిష్ లైన్ దాటింది. మీరు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఏడు నెలల క్రితం మొదలైన రేస్, సుమారు 27 వేల నాటికల్ మైళ్ళు, అంతా అయిపోయింది. ఒడ్డు మీద కాలు పెట్టారు. అయినా గెలిచారో లేదో వాళ్ళకి తెలీదు!

ఎందుకంటే ఆ రేస్‌లో లెక్క వేరేలా ఉంటుంది. పడవలన్నీ ఒకేలా ఉండవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి తేలిక, ఒకటి బరువు. పెద్ద పడవ సహజంగానే ముందు వస్తుంది. అందుకని ప్రతి పడవకీ దాని నిర్మాణాన్ని బట్టి ఒక సంఖ్య ఇస్తారు. పట్టిన సమయాన్ని ఆ సంఖ్యతో సరిచేసి, అప్పుడు ఎవరు గెలిచారో తేలుస్తారు. నీ వెనక వస్తున్న పడవ నీకంటే ఆలస్యంగా వచ్చి కూడా నిన్ను దాటొచ్చు. కాబట్టి వెనకవాళ్ళ సంగతి తేలేదాకా ఆగాలి. మెయిడెన్ క్రూ కూడా అలాగే రోజుల తరబడి ఆగారు. ఆ తర్వాతే ఖరారైంది: మెయిడెన్ గెలిచింది. ప్రపంచాన్ని చుట్టే తెరచాప పడవల రేస్ గెలిచిన మొట్టమొదటి మహిళల జట్టుగా చరిత్రలో నిలిచింది.

నాకు ఆ గెలుపు కంటే మధ్యలో ఉన్న ఆ కొన్ని రోజులు ఆసక్తిగా అనిపిస్తాయి. పని పూర్తయింది, ఫలితం రాలేదు. పరీక్ష రాసేసి రిజల్ట్ కోసం చూసే రోజుల్లాంటివే. ఆ రోజుల్లో మనకి నిద్ర పట్టదు, ఫోన్ వదలం. కానీ నిజంగా చూస్తే కర్మకీ ఫలానికీ మధ్య ఉన్న గీత అంత స్పష్టంగా కనిపించేది అప్పుడే. ఇటువైపు ఉన్నది నాది, పూర్తయింది. అటువైపు ఉన్నది నా చేతిలో ఎప్పుడూ లేదు.

అయిదుగురు కలిస్తే ఒక పని

గీత రెండో అధ్యాయంలో చెప్పిన మాట అందరికీ తెలుసు. పద్దెనిమిదో అధ్యాయంలో చెప్పింది తక్కువమందికి గుర్తుంటుంది. ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు కలవాలంటాడు కృష్ణుడు. పని జరిగే ఆధారం ఒకటి. చేసేవాడు ఒకడు. పనిముట్లు. రకరకాల ప్రయత్నాలు. అయిదోది దైవం.

దీన్ని తెరచాప పడవ మీద పెట్టి చూడండి, ఎంత తేలిగ్గా అర్థమవుతుందో. ఆధారం పడవ. చేసేవాళ్ళు క్రూ. పనిముట్లు తెరచాపలు, తాళ్ళు, చుక్కాని, దిక్సూచి. ప్రయత్నాలంటే చాప ఎత్తడం, దించడం, చిరిగితే కుట్టడం, నీళ్ళు తోడడం, వంట చేయడం, లెక్కలు కట్టడం. ఇక అయిదోది గాలి.

భూమధ్యరేఖ దగ్గర డోల్‌డ్రమ్స్ అనే ప్రాంతం ఉంటుంది. ఉత్తరం నుంచి వచ్చే గాలులు, దక్షిణం నుంచి వచ్చే గాలులు అక్కడ కలిసి పైకి లేచిపోతాయి. సముద్రం మీద మాత్రం గాలి స్తంభించిపోతుంది. పడవ గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉన్నచోటే ఊగుతూ ఉంటుంది. ఎంత గొప్ప నావికుడైనా అక్కడ గాలిని పుట్టించలేడు. అలాగని చాప దించి పడుకోడు కూడా. చిన్న గాలి తెర వచ్చినా పట్టుకోవడానికి చాప సరిచేస్తూనే ఉంటాడు. గాలి వచ్చినప్పుడు చాప ఎత్తి లేకపోతే ఆ తప్పు గాలిది కాదు కదా.

కర్మయోగం అంటే నాకు అర్థమైనంతలో ఇదే. దైవం అయిదోది, మిగతా నాలుగూ మన దగ్గరే ఉన్నాయి. అయిదోది మనది కాదు కాబట్టి గర్వపడకూడదు. నాలుగు మనవి కాబట్టి తప్పించుకోకూడదు. "అంతా నా కష్టమే" అనేవాడూ, "అంతా తలరాత" అనేవాడూ ఇద్దరూ అయిదులో కొన్ని లెక్కపెట్టడం మర్చిపోయినవాళ్ళే. మెయిడెన్ 1990లో రెండో స్థానంలో వచ్చినప్పుడు నాలుగూ ఉన్నాయి, అయిదోది కొన్నిచోట్ల కలిసి రాలేదు. 2024లో అయిదూ కలిశాయి.

ఇంకో సంగతి. ఆ చేసేవాడు కూడా ఒక్కడే కాదు. ఇలాంటి పడవల్లో క్రూ వాచ్‌లుగా విడిపోతారు. కొంతమంది డెక్ మీద పని చేస్తుంటే కొంతమంది కింద నిద్రపోతారు. కొన్ని గంటల తర్వాత మార్పు. అంటే నువ్వు గాఢనిద్రలో ఉన్నప్పుడు కూడా నీ పడవ ముందుకి వెళ్తోంది, ఇంకెవరి చేతుల మీదుగానో. వాళ్ళు నిద్రపోతుంటే నీ చేతుల మీదుగా. ఫినిష్ లైన్ దగ్గర పడవ మొత్తానికీ ఒకటే టైమ్ రాస్తారు. కెప్టెన్‌కి ఒకటి, వంట చేసినావిడకి ఒకటి ఉండదు. మనం ఉడతా భక్తి అంటాం. వారధి కట్టేటప్పుడు కొండలు మోసినవాళ్ళకీ ఇసుక దులిపిన ఉడతకీ వారధి ఒక్కటే. రాముడు దాటింది అందరి వారధి మీదనే.

గీత దాటకుండా వెళ్ళిపోయినాయన

ఇక్కడ మీలో కొంతమందికి ఒక సందేహం రావాలి. ఫలితం ముఖ్యం కానప్పుడు అసలు రేస్ వదిలేస్తే పోలా? ఉద్యోగం మానేసి హిమాలయాలకి వెళ్ళిపోతే అది త్యాగం కాదా?

దీనికి కూడా సముద్రంలోనే ఒక నిజమైన కథ ఉంది. 1968లో గోల్డెన్ గ్లోబ్ అనే పోటీ పెట్టారు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి రావాలి. తొమ్మిదిమంది బయలుదేరారు. వాళ్ళలో ముగ్గురి సంగతి చెప్తాను.

ఒకరు ఫ్రాన్స్‌కి చెందిన బెర్నార్ మోయిటెస్సియే. వియత్నాంలో పుట్టి పెరిగినవాడు, పడవలో యోగా చేసేవాడు. కేప్ హార్న్ దాటేశాడు, ఇక ఇంటికి తిరగడమే మిగిలింది. వేగానికి పెట్టిన బహుమతి గెలిచే అవకాశం గట్టిగా ఉంది. అప్పుడు ఆయన ఇంటివైపు తిరగలేదు. రేస్ వదిలేస్తున్నానని రాసిన చీటీని ఉండేలుతో ఒక ఓడ మీదికి విసిరి, మళ్ళీ తూర్పు దిక్కుగా వెళ్ళిపోయాడు. 1969 జూన్‌లో పసిఫిక్‌లోని తహితీ దీవిలో ఆగాడు.

రెండోవాడు డోనాల్డ్ క్రోహర్స్ట్. అప్పుల్లో ఉన్నాడు. మధ్యలో వెనక్కి వస్తే సర్వం పోయే పరిస్థితి. పడవ ఆ సముద్రాలకి తట్టుకునేది కాదు. ముందుకి వెళ్ళలేక, వెనక్కి రాలేక, అట్లాంటిక్‌లోనే తిరుగుతూ ప్రపంచం చుడుతున్నట్టు తప్పుడు వివరాలు పంపాడు. చివరికి పడవ ఒక్కటే దొరికింది, ఆయన దొరకలేదు.

మూడోవాడు ఇంగ్లండ్‌కి చెందిన రాబిన్ నాక్స్-జాన్స్టన్. ఆయన పడవ సుహైలి మన బొంబాయిలో టేకు కర్రతో కట్టింది. పెద్ద వేగం లేదు. 312 రోజులు పట్టింది. 1969 ఏప్రిల్ 22న ఒడ్డు చేరాడు. తొమ్మిదిమందిలో పూర్తి చేసింది ఆయనొక్కడే. దాంతో వేగానికి పెట్టిన అయిదు వేల పౌండ్ల బహుమతి కూడా ఆయనదే అయింది. ఆ డబ్బు మొత్తం క్రోహర్స్ట్ భార్యాబిడ్డలకి ఇచ్చేశాడు.

ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఫలం మీద మనసు ఎంతగా చిక్కుకుందంటే దాని కోసం ప్రయాణాన్నే అబద్ధం చేసినవాడు ఒకడు. అతన్ని చూసి నవ్వడం సులువు, కానీ అప్పు, పరువు, ఇంట్లో చూసే కళ్ళు, ఈ మూడూ కలిసి మనిషిని ఎక్కడిదాకా నెడతాయో మన చుట్టూ కూడా చూస్తున్నాం. లేని మార్కులు చెప్పుకునే పిల్లలు, పోయిన ఉద్యోగం ఇంట్లో చెప్పలేక పొద్దున్నే బ్యాగ్ వేసుకుని బయలుదేరేవాళ్ళు. వాళ్ళకి కావలసింది ఉపదేశం కంటే ముందు, "నువ్వు ఓడిపోయి వచ్చినా ఈ ఇల్లు నీదే" అనే ఒక్క మాట.

ఇక మోయిటెస్సియే. ఆయనది త్యాగమా? గీత ఒక పరీక్ష చెప్తుంది. కష్టమని, ఒంటికి శ్రమ అని భయపడి పని వదిలేస్తే అది రాజస త్యాగం, దానికి త్యాగఫలం రాదు. ఆయన కష్టానికి భయపడలేదు, ఇంకా ఎక్కువ సముద్రం ఎంచుకున్నాడు. కాబట్టి తేలిగ్గా తీర్పు చెప్పలేం. కానీ ఒడ్డు మీద ఆయన కోసం ఎదురుచూస్తున్న భార్య ఉంది. ఆమె వైపు నుంచి చూస్తే ఆ త్యాగం ఎవరి ఖర్చుతో జరిగిందో కూడా అడగాలి. ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మూడోవాడి పక్కన నిలబడతాను. చేపట్టింది పూర్తి చేశాడు, చేతికొచ్చిన ఫలాన్ని అవసరం ఉన్నచోట పెట్టాడు. పని వదలకుండా ఫలం వదలడం అంటే ఏమిటో ఇంత కళ్ళకి కట్టినట్టు చూపించిన ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు.

మనం "రిజల్ట్ గురించి నాకు పట్టింపు లేదు" అనేటప్పుడు ఒక్క క్షణం తరచి చూసుకుంటే మంచిది. ఆ మాట పని పూర్తయ్యాక అంటున్నామా, పూర్తి చేయకుండా ఉండటానికి అంటున్నామా?

ఒడ్డున ఉన్నవాళ్ళు

సుందరకాండలో హనుమంతుడు నూరు యోజనాల సముద్రం దాటి తిరిగి వస్తాడు. ఇవతలి ఒడ్డున అంగదుడు, జాంబవంతుడు, వానరులంతా ఎదురుచూస్తుంటారు. వాళ్ళ ప్రాణాలు ఆయన మీదే ఉన్నాయి. దిగగానే ఆయన ముందు చెప్పింది సీతమ్మ కనిపించిందన్న సంగతి. ఎంత దూరం ఎగిరాడో, ఎవరిని చంపాడో, లంక ఎలా కాలిందో అన్నీ తర్వాతే, అదీ వాళ్ళు అడిగితే. సముద్రం దాటడం ఆయనకి గొప్ప కాదు, ఎవరి కోసం దాటాడో అదే ముఖ్యం.

1990లో ఆ పన్నెండుమందికి ఒడ్డున తెలిసింది కూడా ఇలాంటిదే అనుకుంటాను. వాళ్ళు స్థానం లెక్కలో ఓడిపోయామనుకున్నారు. ఒడ్డున ఉన్న జనం లెక్క వేరు. వెళ్ళినవాళ్ళు పన్నెండుమంది, తిరిగొచ్చినవాళ్ళు పన్నెండుమంది. ఆడవాళ్ళు చేయలేరన్న మాట ఇక ఎవరూ అనలేరు. ఆ రేవు నిండింది దానికి.

అయితే ఆ చప్పట్లు కూడా ఫలమే అని మర్చిపోకూడదు. ఆ హడావుడి అంతా అయ్యాక తాను మానసికంగా బాగా కుంగిపోయానని ట్రేసీ ఎడ్వర్డ్స్ తర్వాత బయటికే చెప్పారు. ఏళ్ళ తరబడి ఒక్క లక్ష్యం కోసం బతికిన మనిషికి అది అయిపోయిన మర్నాడు పొద్దున్న లేచి ఏం చేయాలో తెలీదు. పెళ్ళి అయిన మర్నాడు పందిరి ఖాళీగా కనిపించినట్టు. గెలుపైనా, ఓటమైనా, చప్పట్లయినా మీద ఆనుకుంటే అవి తప్పుకున్న రోజున పడిపోతాం. అందుకే సిద్ధిలోనూ అసిద్ధిలోనూ చెదరకుండా, ధైర్యం ఉత్సాహం వదలకుండా పనిచేసేవాణ్ణి గీత సాత్త్విక కర్త అంటుంది. ఉత్సాహం అన్న మాట గమనించండి. ఫలాపేక్ష లేకపోవడం అంటే నీరసంగా ఉండటం అని ఎక్కడా లేదు.

తరించడం అంటే

మన భాషలో ఎప్పటినుంచో ఒక అలవాటు ఉంది. కష్టం తీరితే గట్టెక్కాం అంటాం. ఒడ్డున పడ్డాం అంటాం. దిక్కు దొరికితే దరి చేరాం అంటాం. దైవదర్శనం అయితే తరించాం అంటాం. తరించడం అంటే అసలు అర్థం దాటడమే.

2017 సెప్టెంబర్ 10న మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి ఒక తెరచాప పడవలో బయలుదేరారు. అది రేస్ కాదు, పోటీ ఎవరితోనూ లేదు. ప్రపంచం చుట్టి రావడమే పని. కెప్టెన్ వర్తికా జోషి. ఆ ఆరుగురిలో మన హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు, విశాఖపట్నం అమ్మాయి స్వాతి ఉన్నారు. పడవ పేరు ఐఎన్ఎస్‌వీ తారిణి. ఒడిశాలో కొండ మీద వెలసిన తారాతారిణి అమ్మవారి పేరు అది. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు తమని కాపాడమని మొక్కే తల్లి. తారిణి అంటే దాటించేది.

కేప్ హార్న్ తుఫానులు దాటారు. తిరుగు దారిలో స్టీరింగ్ మొరాయించి, అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. 254 రోజుల తర్వాత, 2018 మే 21న గోవా చేరారు. ఆ రోజు ఎవరూ ఓడిపోలేదు, ఎవరి మీదా గెలవలేదు. అయినా అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ ఎదురెళ్ళి స్వాగతం చెప్పారు, దేశమంతా సంతోషపడింది. ఆ ఆరుగురిలో ఒకరైన పాయల్ గుప్తా తర్వాత ఓషన్ గ్లోబ్ రేస్‌లో మెయిడెన్ క్రూలోనూ ఉన్నారు. అమ్మవారి పేరున్న పడవ నేర్పింది ఆ పాత అల్యూమినియం పడవలోకీ వెళ్ళింది.

ఆ అమ్మాయి ప్రశ్నకి నా జవాబు ఇక్కడే ఉంది. తల్లీ, నీ నాలుగు ప్రయత్నాలూ నాలుగు మజిలీలు. నువ్వు చదివినవన్నీ, పొద్దున్నే లేచిన అలవాటు, రాయకుండా ఇంటికి వచ్చేయాలనిపించిన రోజున కూడా హాల్లో కూర్చుని చివరి పేజీదాకా రాసిన ఓపిక, అవి కమిషన్ లిస్టులో రావు. అవి నీలో ఉన్నాయి. పోస్ట్ రాలేదు, అది నిజం, బాధ కూడా నిజం, ఏడవాలనిపిస్తే ఏడువు. కానీ నువ్వు మునిగిపోలేదు, ఒడ్డుకి చేరావు. చేరినవాళ్ళే ఇంకో పడవ ఎక్కగలరు. ఎక్కేముందు కొన్నాళ్ళు ఒడ్డున కూర్చున్నా తప్పులేదు. మీ ఇంట్లోవాళ్ళకి కూడా ఒక మాట చెప్తాను. రేవు నిండాల్సింది ర్యాంకు వచ్చిన రోజున మాత్రమే కాదు. అమ్మాయి ఆఖరి పరీక్ష రాసి బస్సు దిగిన రోజున ఎదురెళ్ళండి.

మిగతా అందరికీ ఈ వారం ఒక చిన్న సాధన. ఏ పనైనా పూర్తయ్యాక, ఫలితం రాకముందు, ఒక రెండు నిమిషాలు కూర్చోండి. ప్రాజెక్ట్ సబ్మిట్ చేశాక కావచ్చు, ఇంటర్వ్యూ అయ్యాక కావచ్చు, వంట చేసి వడ్డించే ముందు కూడా కావచ్చు. ఆ పనిలో కలిసిన అయిదింటినీ వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఆధారం ఏమిటి, నాతో పాటు ఎవరు చేశారు, ఏ పనిముట్లు అందాయి, నేను చేసిన ప్రయత్నం ఎంత, నాది కానిది ఎంత. తర్వాత రెండు చేతులూ జోడించి కృష్ణార్పణం అనండి. అప్పుడు రిజల్ట్ ఓపెన్ చేయండి.

వచ్చే వారం పద్దెనిమిదో అధ్యాయంలోని ఆ అయిదు కారణాల మీదే వీడియో చేద్దాం. అంతవరకు సెలవు.

కృష్ణార్పణం.